మొదటి కాలంలో కత్తి

బందరులోనో గుడివాడలోనో రాత్రి పొద్దుపోయేదాకా కత్తియుద్ధాల వీడియో గేమ్ ఆడి, ఒకే రాక్షసుడి చేతిలో పదేపదే ఓడి, కళ్లు నులుముకుంటూ లేచిన కుర్రాళ్లకు ఈ నాలుగు మాటలు. పెద్దలూ వినొచ్చు.

ఓడేవాడు సాధారణంగా బటన్లు ఎడాపెడా నొక్కేస్తాడు. చూపంతా తన వీరుడి మీదే. చూడాల్సింది ఎదుటివాణ్ణి. ఈ ఆటల్లో శత్రువు దెబ్బ వేసేముందు చాలావరకు ఏదో ఒక సైగ చేస్తాడు: చెయ్యి వెనక్కి లాగుతాడు, ఓ కేక పెడతాడు. కాసేపు కొట్టడం మానేసి, తప్పుకోవడం మాత్రమే చేయండి. ఆ సైగలు పట్టుబడతాయి.

మన పక్కనే, మొవ్వ మండలం కూచిపూడిలో, నాట్యం నేర్చే పిల్లలు అడుగులు ముందు మొదటి కాలంలో, అంటే నిదానంగా, వేస్తారు. అది కుదిరాకే రెండో కాలం, మూడో కాలం. గేముల్లో ప్రాక్టీస్ మోడ్ ఉన్నదీ అందుకే. అటు తొంగిచూసేవాడేడీ!

అయితే లోపం ప్రతిసారీ ఆటగాడిది కాదు. 2005లో జపాన్ కంపెనీ కాప్‌కామ్ 'డెవిల్ మే క్రై 3'ని అమెరికాలో విడుదల చేసినప్పుడు, జపాన్‌లో 'హార్డ్' అన్న స్థాయికే అక్కడ 'నార్మల్' అని పేరు పెట్టింది. ఆడినవాళ్లు లబోదిబోమన్నారు. తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో సర్దారు. మరి 'ఈజీ' ఎంచుకోవడానికి మొహమాటం దేనికి?

దివిసీమ తమ్ముళ్లూ, ఈ రాత్రి కూర్చుంటే ఆ రాక్షసుడి ఒక్క దెబ్బ తప్పించుకోవడం నేర్చుకోండి చాలు. వాణ్ణి చంపే సంగతి ఆదివారం చూద్దాం.