తేలికైన ట్రాక్టరు

వైరా దగ్గర ఒక ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. అతనికి కొద్దిపాటి పొలం, ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రక్కు ఉన్నాయి. ఏడాది పొడుగునా ఆ ట్రక్కులో వడ్లు, పత్తి, మిర్చి బస్తాలే తిరిగేవి. ఆ ఏడు వేసవి సెలవుల్లో ఎటైనా తీసుకెళ్లమని పిల్లలు రోజూ ప్రాణం తీశారు. ఇంటిల్లిపాదికీ బస్సు టిక్కెట్లు ఎంతవుతాయో లెక్క కట్టి, రైతు ట్రక్కు కడిగించాడు. ట్రక్కులో మనుషుల్ని ఎక్కించుకోవడం చట్టం ఒప్పని పని. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, జాతరలకు అందరూ అలాగే వెళ్తారు.

ముందు భద్రాచలం, అక్కణ్ణించి పర్ణశాల, తిరుగుదారిలో కిన్నెరసాని డ్యాం చూడాలనుకున్నారు. ట్రక్కులో వరిగడ్డి మందంగా పరిచి పైన బొంతలు వేశారు. వెదురు బద్దలు వంచి గూడు కట్టి పట్టా కప్పారు. బియ్యం, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీ, నీళ్ల డ్రమ్ము ఎక్కించారు. నాయనమ్మ ఒక మూల చోటు చూసుకుంది. తాత ఇంకో మూల ఆనుకుని, తన చిన్నతనంలో ఇదే దారిన గూడుబండ్లలో ఎలా వెళ్లారో చెప్పడం మొదలుపెట్టాడు. గోదావరి మీద వంతెన 1965లో గానీ రాలేదు. అంతకుముందు ఇవతలి ఒడ్డున ఎద్దుల్ని విప్పి పడవ ఎక్కి దాటేవాళ్లు. బండి తోలేవాడు జనంతో పాటు బండిలోనే కూర్చునేవాడట, వెనక చంటిపిల్ల దగ్గినా వాడికి వినపడేదట. తాత ఈ ముక్క ఎన్నోసార్లు చెప్పినవాడే కాబట్టి ఎవరూ చెవిన పెట్టలేదు.

ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఉండేది ఒక్క ఇనప పిన్ను. అది కుదుపులకు ఎగిరిపడకుండా అడుగున చిన్న లాకు పెడతారు. ఆ లాకు పత్తి తోలే రోజుల్లోనే ఎక్కడో జారిపోయింది. రైతు దాని బదులు బస్తాలు కుట్టే పురికొస నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. కొత్తగూడెంలో కొందామనుకున్నాడు. తీరా ఎండకు భయపడి రాత్రి భోజనాలయ్యాక బయలుదేరడంతో తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం చేరేసరికి షాపులన్నీ మూసి ఉన్నాయి. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ దీపాలు చూడ్డానికి పిల్లలు ఒకసారి లేచి, మళ్లీ పడుకున్నారు.

పాల్వంచ దాటాక అడవి మొదలైంది. రైతుకు నిద్ర ముంచుకొచ్చింది. నిద్ర ఆపుకోవడానికి పాటల సౌండు పెంచాడు. చెమట తుడుచుకున్న తువ్వాలు ఆరుతుందని పక్క అద్దానికి తగిలించాడు. ఒక మిట్ట ఎక్కుతుంటే బండి గుంతలో పడి కుదిపింది. పురికొస తెగింది. పిన్ను ఎగిరి తారు మీద పడింది. ట్రక్కు ముందుభాగం నేలకు ఆని, నాలుగడుగులు గీసుకుంటూ పోయి ఆగింది. లోపలివాళ్లంతా గడ్డి మీద జారి ఒకరిమీదొకరు పడ్డారు. మిట్ట కావడంతో వేగం లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాళ్లు కేకలు పెట్టారు, పళ్లెం మీద గరిటెతో కొట్టారు. ఫోను చేద్దామంటే రైతు ఫోను భార్య చేతిసంచిలోనే ఉంది. ట్రాక్టరు వెనక ఎర్రదీపం మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

ట్రాక్టరు మీద రైతుకు మాత్రం ఉత్సాహం వచ్చింది. బండి ఒక్కసారిగా చురుగ్గా లాగుతోంది. మిట్టలు అవలీలగా ఎక్కుతోంది. కొత్తగా చేయించిన సర్వీసింగు పనిచేసిందనుకున్నాడు, చల్లగాలికి ఇంజను బాగా ఊపిరి పీలుస్తోందనుకున్నాడు, చివరికి తన చేతి ఒడుపే గొప్పదనుకున్నాడు. బూర్గంపాడు, సారపాక దాటి వంతెన మీదికి వచ్చాడు. గోదావరిలో పైసలు వేయాలని నాయనమ్మ బయలుదేరినప్పటినుంచీ చెబుతూనే ఉంది. వంతెన నడుమ బండి ఆపి, పాటలు కట్టేసి, జేబులోంచి చిల్లర తీసుకుని, అమ్మను లేపుదామని వెనక్కి వెళ్లాడు. ట్రక్కు లేదు. ఉత్త కొక్కెం ఉంది, దానికి పురికొస ముక్క వేలాడుతోంది.

అతను చిల్లర ఎక్కడ పారేశాడో అతనికే తెలియదు. బండి తిప్పుకుని, దారి పొడుగునా గుంతలన్నీ దీపం వేసి వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. అప్పటికి తెల్లవారింది. అది తునికాకు కాలం. ఎండ ముదరకముందే ఆకు కోసుకోవాలని పక్క గూడెం కోయవాళ్లు చీకటితోనే అడవికి వచ్చారు. రోడ్డు మీద ట్రక్కు చూసి ఆగి, టైర్ల కింద రాళ్లు పెట్టారు. నాయనమ్మ పొయ్యి వెలిగించి అందరికీ ఉప్మా చేసింది. పిల్లలు ఆడవాళ్ల పక్కన చేరి ఆకు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. యాభై ఆకులకు ఒక కట్ట, దాన్ని నారతో బిగించడం. చిన్నపిల్ల కట్టినవి వదులుగా ఉంటే ఒక ముసలమ్మ విప్పించి మళ్లీ కట్టించింది.

రైతు రొప్పుతూ దిగాడు. ఏడుపులు వింటానని, తిట్లు తింటానని సిద్ధపడి వచ్చాడు. పెద్దపిల్లాడు తల ఎత్తి చూసి, లెక్క తప్పుతుందని మళ్లీ ఆకుల్లోకి వంగాడు. రైతుకు పిన్ను ఊడిన దానికంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. రోడ్డు పక్క పిన్ను దొరికింది. జాకీ పెట్టి, నలుగురూ చెయ్యేసి ట్రక్కు ముందుభాగం లేపి కొక్కేనికి తగిలించారు. లాకు చోట గట్టి ఇనప తీగ మెలిపెట్టారు. రైతు అద్దం మీది తువ్వాలు తీసి మెడలో వేసుకున్నాడు. పాటలు మళ్లీ పెట్టలేదు. బండి మునుపటిలాగే బరువుగా కదిలింది, మిట్ట దగ్గర మూలిగింది. భద్రాచలం చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

ఇంటిని లాగే మనిషి ఇంటివాళ్ల కోసమే పరుగెత్తుతాడు, కానీ వాళ్లు ఎక్కడ విడిపోయారో అతనికే ఆఖరున తెలుస్తుంది, ఎందుకంటే విడిపోయాక బరువు తగ్గి పరుగు ఇంకా బాగా సాగుతుంది. ఆ లోపల వెనకవాళ్లు అతను లేకుండా గడుపుకోవడం నేర్చేసుకుంటారు. కాబట్టి దుబాయిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, సొంత పొలంలోనే ఉన్నా, మీ బండి ఉన్నట్టుండి తేలికైందనిపిస్తే సంబరపడే ముందు ఒకసారి ఆపి, దిగి, వెనక్కి వెళ్లి చూడండి.