సింహాసనానికి గురి, బోయీకి గాయం

1917 జులైలో ఝాంగ్ షున్ అనే సేనాని బీజింగ్‌లో పదకొండేళ్ల పూయీని మళ్లీ చక్రవర్తి గద్దెపై కూర్చోబెట్టాడు. దువాన్ చీరుయ్ నాయకత్వంలో గణతంత్ర పక్షం ఎదురుతిరిగింది. ఆ పక్షపు విమానం రాజప్రాసాదంపై మూడు బాంబులు వేసింది. అవి ఎక్కడ పడ్డాయో పూయీ తన ఆత్మకథలో రాశాడు. ఒకటి తోటలోని కొలనులో పడింది. ఒకటి పేలలేదు. మరొకటి పల్లకీ మోసే బోయీని గాయపరిచింది. చక్రవర్తికి ఏమీ కాలేదు.

గురి సింహాసనానికి, గాయం దాన్ని మోసేవాడికి. 1926 ఏప్రిల్ నాటికి ప్రాసాదం దాటి నగరమే గురి అయింది. ఫెంగ్ యూషియాంగ్ సైన్యం చేతిలో ఉన్న బీజింగ్‌పై ఝాంగ్ జువోలిన్ విమానాలు బాంబులు కురిపించాయి. సేనానుల తగువు సేనానులది. కప్పు కూలింది మాత్రం సామాన్యుడి ఇంటిపై.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. విమానంలో ఉన్నవాడికి ఆ బోయీపై ద్వేషం లేదు. అతని ముఖమైనా చూడలేదు. ధమ్మం కర్మను చేతనను బట్టి తూస్తుంది. మరి ఇది పాపమా? ధమ్మపద అట్ఠకథలో అంధుడైన చక్ఖుపాల థేరుడు నడుస్తుంటే పాదాల కింద పురుగులు చనిపోయాయి. ఆయనకు దోషం లేదన్నాడు తథాగతుడు.

కానీ చక్ఖుపాలుడికి కళ్లు లేవు. విమానంలో ఉన్నవాడికి ఉన్నాయి. కింద మనుషులున్నారని అతనికి తెలుసు. తెలిసీ చూడకపోవడం గుడ్డితనం కాదు, నిర్ణయం. నిర్ణయమే చేతన. అకుశలానికి మూలాలు మూడు: లోభం, ద్వేషం, మోహం. ద్వేషం లేనంత మాత్రాన మోహం లేనట్టు కాదు.

బాబాసాహెబ్ అహింసను గుడ్డి నియమంగా చూడలేదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో విడదీశారు. రాచరికాన్ని ఆపడం అవసరమేనని గణతంత్రవాదులు అనవచ్చు. అయితే అవసరం అన్నవాడు ఎవరిని చంపడం అవసరమో చెప్పగలగాలి. ఆ బోయీని గాయపరచడం ఎవరికి అవసరం? ఆకాశం నుంచి బాంబు వదిలినవాడు దీనికి జవాబు చెప్పలేడు. చెప్పలేని చోట అవసరం అనే మాట చెల్లదు.

మనిషిని మనిషిగా చూడకుండా దూరం పెట్టడం ఎంత హింసో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఏ యుద్ధ వార్త విన్నా, ఎవరు గెలిచారని అడిగేముందు పల్లకీ కింద ఎవరున్నారని అడగాలి. మొదటి శీలం మన నుంచి కోరేది ఆ చూపునే.