పాత సైకిలుకు క్రొత్త రంగు

గత సంవత్సరము వానలు వెనుకబట్టిన దినములలో మా ఇంట ఒక చిన్న తగవు పుట్టినది. చిన్నదని వ్రాసితిమి గాని, నెల దినములు అన్నము దగ్గర అదే మాట. తగవుకు కారణము మా నాన్నగారు 1964లో కొన్న నల్లని హెర్క్యులీసు సైకిలు.

మా మనుమడు ఏడవ తరగతిలో ఉన్నాడు. బడికి వెళ్లుటకు వానికి సైకిలు కావలసి వచ్చెను. దుకాణములో ఒకటి చూచి వచ్చి, ధర ఏడు వేల చిల్లర అని తండ్రితో చెప్పుచుండగా మేము నడుమ కల్పించుకొని, "ఏడు వేలు ఎందుకురా? మీ ముత్తాత సైకిలు ఇంట్లోనే ఉంది. రంగు వేయిస్తే కొత్తదానికంటే బాగుంటుంది" అంటిమి. వాడు మారు పలుకక పుస్తకము తెరిచి కూర్చుండెను. ఆ మౌనమును మేము అంగీకారముగా తీసికొంటిమి. ముప్పది యారు సంవత్సరములు బడిపిల్లల మధ్య గడిపిన వారమై యుండియు ఆ మౌనమును చదువలేకపోతిమి.

పాతదానిని బాగుచేసికొని వాడుకొనుట మంచిదని మనమందరము ఒప్పుకొందుము. వలస వచ్చిన కుటుంబముల వారము గనుక మనకు దానిని ఎవరును నేర్పనక్కరలేదు. చిల్లుపడిన గిన్నెకు మాటు వేయించుట, అన్న చొక్కా తమ్మునికి కుదించుట చూచుచు పెరిగినవారము. అయితే ఆ మంచితనములో పొదుపు ఎంత, ప్రేమ ఎంత, ఉత్త మొండితనము ఎంత అని మనము తూచి చూచుకొందుమా? సైకిలు విప్పిన తరువాత గాని మాకు ఈ ప్రశ్న పుట్టలేదు.

ఇతర రాష్ట్రములలోని సంఘస్థులకు కోలారు బంగారు గనులను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1880 దశకము నుండి జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు నడిపెను. 1902లో శివసముద్రము జలపాతము నుండి వీరికి విద్యుత్తు వచ్చెను. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ఆ లోతులలో పని చేయుటకు తమిళ సీమ నుండి అత్యధికులును, మన తెలుగు జిల్లాల నుండి అనేక కుటుంబములును వచ్చి స్థిరపడిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. ఇప్పుడు మా యువకులు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగుళూరు పోయి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరుదురు.

మా నాన్నగారి కాలములో సమయము చెప్పునది గని కూత. కూత కూయగానే వీధులన్నియు సైకిళ్లు. ఒక షిఫ్టు దిగుచుండగా మరియొక షిఫ్టు ఎదురు వచ్చును. దాదాపు అన్నియు నల్లనివే. మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వారు చేసిన హెర్క్యులీసులు, అసన్సోలులో చేసిన ర్యాలీలు, ఉత్తరాది నుండి వచ్చిన అట్లాసులు. వందల సైకిళ్లు వరుసగా నిలిపిన చోట ఎవరిది ఏదో గుర్తించుట కష్టము. అందుచేత మా నాన్నగారు ఒక బోర్డులు వ్రాయు పెయింటరు చేత చైన్‌కవరు మీద పసుపుపచ్చ రంగుతో తెలుగులో తన పేరును, దాని క్రింద "నెల్లూరు జిల్లా" అనియు వ్రాయించెను. చుట్టుప్రక్కల సైకిళ్లన్నిటి మీద తమిళమో ఇంగ్లీషో ఉండును గనుక తనది దూరము నుండియే తెలియుచుండెను.

వింత యేమనగా, నాన్నగారు పుట్టినది ఇక్కడనే. నెల్లూరు నుండి వచ్చినది తాతగారు. నాన్నగారు ఆ ఊరిని చూచినది రెండు పర్యాయములే, రెండును మరణములకే.

ఈ సైకిలుకు రంగు వేయుట ఇదే మొదటిసారి కాదు. 1986లో మా చెల్లెలిని చూచుటకు పెండ్లివారు వచ్చుచున్నారని, గోడలకు సున్నము వేయుచు, సైకిలుకు కూడ వేసితిమి. చిన్న డబ్బా నల్ల ఎనామిలు, ఒక కుంచె, శనివారము సాయంకాలము. తుప్పు గీకలేదు, దుమ్మైనను తుడువలేదు. అక్షరములను మాత్రము తప్పించి, మిగిలినదంతయు పూసివేసితిమి. నాన్నగారు షిఫ్టు నుండి వచ్చి చుట్టు తిరిగి చూచి, "బాగుంది. ఆరనియ్యి" అనెను. అంతకంటె ఏమియు అనలేదు. మరుసటి వానలకు రంగు పొక్కులు లేచెను. పొక్కుల మీద మరల పూసితిమి.

ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించునని సామాన్య శాస్త్రములో మేమే పిల్లలకు పాఠము చెప్పియున్నాము. లోపల తుప్పు ఉబ్బినప్పుడు పై రంగును అదే ఎత్తి పారవేయును. కావున తుప్పు మీద వేసిన రంగు నిలువదు. పాఠము తెలిసిన ఉపాధ్యాయుడు ఇంటిలో చేసిన పని ఇట్లుండెను!

ఈసారి రాబర్ట్‌సన్‌పేటలోని ఒక పాత సైకిలు షాపుకు తీసికొని పోతిమి. షాపు పెద్దమనిషి తమిళుడు, వయస్సులో మాకంటె పెద్ద. పని ఎట్లుండునో ముందే చెప్పెను. చక్రములు, హ్యాండిలు, మడ్‌గార్డులు, సీటు అన్నియు ఊడదీయవలెను. పాత రంగును మందు పూసి మెత్తబరచి, తీగ బ్రష్షుతో, ఎమెరీ కాగితముతో ఇనుము తెల్లగా కనబడువరకు గీకవలెను. వెంటనే రెడ్ ఆక్సైడు పూయవలెను, ఆలస్యమైతే తేమకు మరల తుప్పు అందుకొనును. అది ఆరిన తరువాత ఒక పూత, మరల గీకుడు, మరియొక పూత. "కంపెనీ వాళ్లు పొయ్యిలో కాల్చి పెట్టిన రంగు నా దగ్గర రాదు వాద్యారే. చేత్తో వేసిన రంగు చేత్తో వేసినట్టే ఉంటుంది" అని కూడ చెప్పెను. సరుకు అమ్మువాడు తన సరుకు లోటును ముందుగా చెప్పుట ఈ దినములలో అరుదు.

మూడవ దినమున కబురు పంపెను. వెళ్లితిమి. ఫ్రేము ఒక్కటే సున్నపు గోడకు ఆనించియున్నది. రంగంతయు పోయి బూడిద వర్ణములో, ఎముకవలె ఉండెను. అతడు దానిని తలక్రిందులు చేసి, పెడళ్ల ఇరుసు ఉండు గొట్టము దగ్గర వ్రేలు పెట్టి చూపెను. అక్కడ సగము చుట్టు పగులు. గొట్టము లోనికి దిగిన వాననీరు అడుగున నిలిచి, లోపలి నుండి తినివేసినది. పైన మేము రెండుసార్లు పూసిన ఎనామిలు దళసరిగా కట్టుకొని పగులును కప్పియుంచినది.

సహోదరులారా, ఆ సైకిలు క్యారియరు మీద మా చిన్న మనుమరాలిని కూర్చుండబెట్టుకొని రెండు సంవత్సరములు చిన్నబడికి దింపితిమి. మారికుప్పము వైపు పల్లములో లారీలు వచ్చు దారిన. ఆ పగులు చూచినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఆ పెద్దమనిషి కూడ మమ్మును ఏమియు అడుగలేదు, టీ తెప్పించెను.

రంగు అనునది మంచిదా చెడ్డదా అని అడిగినయెడల దానిలో ఏ దోషమును లేదు. గాలిని, తేమను ఇనుము దరికి రానీయకుండుటయే దాని పని. కాపాడుటకు వేసినదియు, దాచుటకు వేసినదియు ఒకే డబ్బాలోని రంగు. గీకితిమా లేదా అన్నదే భేదము. గీకుట కష్టమైన పని, చేతులు మండును. పైగా గీకిన తరువాత ఏమి కనబడునో ముందుగా తెలియదు. 1986లో మేము గీకకపోవుటకు సోమరితనము ఒక్కటే కారణమా, కనబడునదానికి జంకితిమా అని ఇప్పుడు ఆలోచించుచున్నాము. చెల్లెలి సంబంధము విషయములోను ఆ ఇంటివారికి చెప్పవలసినవి కొన్ని చెప్పక, గోడలకు సున్నము వేసి కూర్చుంటిమి. ఆ సంగతి ఇక్కడ వద్దు, ఆమె బ్రదికియున్నది.

తత్త్వవేత్తలు ఇటువంటి చోట వేరొక ప్రశ్న వేయుదురు. ప్లూటార్కు అను గ్రీకు రచయిత తీసియసు ఓడను గూర్చి వ్రాసెను. కుళ్లిన పలకలన్నిటిని ఒక్కొక్కటిగా మార్చిన తరువాత అది ఆ ఓడయేనా కాదా అని వాదము. మేము శిక్షణ కళాశాలలో ఉన్నప్పుడు ఒక అధ్యాపకుడు దీనిని చెప్పగా గంటసేపు వాదించుకొంటిమి. మా సైకిలుకు కూడ టైర్లు, చువ్వలు, గొలుసు, సీటు ఎన్నిసార్లు మారినవో లెక్క లేదు. అయినను అది నాన్నగారి సైకిలు కాదని మా ఇంట ఎవరును అనలేదు. వాదమునకు బాగుండునే గాని, ఆ ప్రశ్న మమ్మును బాధింపలేదు. మమ్మును బాధించిన ప్రశ్న మా ఇల్లాలు వేసినది.

పగులు సంగతి విని ఆమె కొంతసేపు ఊరకుండి, "ఏమండీ, మీరు మీ నాన్నగారి మీద ప్రేమతో బాగుచేయించుకోండి, ఎవరూ కాదనరు. కాని దాన్ని పిల్లాడికి ఎందుకు కడుతున్నారు? బారు మీదుగా వాడి కాలు కూడా అందదు. వాడికి సైకిలు ఇస్తున్నారా, మీ జ్ఞాపకాన్ని మోయమంటున్నారా?" అనెను.

ఈ మాటకు జవాబు వెదకితిమి, దొరకలేదు. నిజమే, అది ఇరువది నాలుగు అంగుళముల ఫ్రేము, పెద్దవారి కొరకు చేసినది. మేము చిన్నప్పుడు బారు క్రింద నుండి కాలు దూర్చి త్రొక్కి నేర్చుకొంటిమి గనుక వాడును అట్లే నేర్చుకొనవచ్చునని అనుకొంటిమి. మేము పడిన కష్టమును పిల్లలు కూడ పడవలెనని కోరుట క్రమశిక్షణయా, అసూయయా? ఉపాధ్యాయులమై యుండి ఈ రెంటిని ఎన్నిసార్లు కలిపివేసితిమో. పైగా మేము డబ్బు మిగుల్చుచున్నామని చెప్పుకొంటిమి. డబ్బు మాటయే అయినయెడల ముందుగా లెక్క వ్రాయవలసినది, వ్రాయలేదు. ప్రేమకు పొదుపు అను పేరు పెట్టితిమి, ఎందుకనగా పొదుపు అన్నయెడల ఎవరును ఎదురు చెప్పరు.

లెక్క ఇప్పుడు వ్రాయుచున్నాము. పగులుకు ఇత్తడి కరిగించి అతుకు పెట్టించినందుకు 400 రూపాయలు. గీకుడు, రంగు 1,800. టైర్లు, ట్యూబులు, గొలుసు, ఇరుసులు, గోళీలు, బ్రేకు కట్టలు, కూలితో 2,300. మనుమనికి వాని ఎత్తునకు తగిన సైకిలు, ఒకరు వాడి విడిచినది, 2,600 రూపాయలకు కొంటిమి. మొత్తము 7,100. దుకాణములో వాడు మొదట చూచి వచ్చిన క్రొత్త సైకిలు ధర యించుమించు ఇంతే. దీనిని చదివి మా కుమారుడు నవ్వును, నవ్వనిండు.

అట్లయినచో పాతదానిని తుక్కు కొట్టుకు వేయవలసినదా అని కొందరు అడుగుదురు. అట్లనుకొనము. అతుకు పెట్టిన తరువాత షాపు పెద్దమనిషి, "మీరొక్కరే తొక్కండి. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, బస్తాలు వేయవద్దు" అని గట్టిగా చెప్పెను. ఆ హద్దులోపల అది ఇంకను పనికివచ్చు సైకిలు. మా నాన్నగారిని ముప్పది సంవత్సరములు గనికి మోసినది. ప్రాణము లేని వస్తువుకు మనము కృతజ్ఞత చూపుట తగునా అని మా సంఘములో ఒక యౌవనస్థుడు వాదించెను. వస్తువు వినదు, నిజమే. గాని వస్తువును సులువుగా పారవేయు చేయి మనుష్యుల విషయములో ఎట్లుండునో మేము గనులు మూసిన సంవత్సరములో చూచితిమి.

చివరకు చైన్‌కవరు మిగిలెను. సైకిలు మొత్తములో 1964 నాటి రంగు ఉన్నది దాని మీదనే. అక్షరముల పైభాగము పంట్లాము రాపిడికి అరిగిపోయినది, అంచుల నుండి తుప్పు లోనికి ప్రాకుచున్నది. గీకకుండ విడిచినయెడల అక్షరములతో పాటు రేకును కూడ తినునని పెద్దమనిషి చెప్పెను. గీకినయెడల నాన్నగారు చూచిన అక్షరములు పోవును. నాలుగు దినములు దానిని ఇంటిలో పెట్టుకొని చూచుచు కూర్చుంటిమి.

మనుమడు వచ్చి ప్రక్కన కూర్చుండి, "తాతా, మనం నెల్లూరు వాళ్లమా?" అని అడిగెను. అవునందుమా, కాదందుమా? మేము పుట్టినది ఇక్కడ, వాని తండ్రి పుట్టినది ఇక్కడ. "మీ ముత్తాత అట్లా రాయించుకున్నాడు" అంటిమి. అది జవాబు కాదని వానికి తెలిసినది. "మరి మళ్లీ రాయిద్దామా వద్దా?" అనెను. "నీవే చెప్పు" అంటిమి. వాడు లేచి, తన పెట్టె నుండి పలుచని నూనెకాగితము, పెన్సిలు తెచ్చి, అక్షరముల మీద పరచి దిద్దుట మొదలుపెట్టెను.

ఆ కాగితము గీకుటకు ముందు షాపులో ఇచ్చితిమి. పెయింటరుకు తెలుగు రాదు, గీత ఎట్లున్నదో అట్లే వేసెను. పని ఆరిన తరువాత చూచితిమి. పేరు సరిగానే వచ్చినది. "నెల్లూరు"లోని "రు" మీద తలకట్టు మాత్రము కన్నడ తలకట్టు. అరిగిపోయిన చోట మనుమడు తనకు బడిలో వచ్చిన అక్షరముతో పూరించెను. రెండు లిపులు ఎంత దగ్గరివో ఎరిగినవారికి తెలియును, తలకట్టు దగ్గరనే విడిపోవును. పెయింటరు మా ముఖము చూచి, తప్పేమైనా ఉందా, సరిచేయనా అని అడిగెను. ఎర్రసిరాతో దిద్దుట మా వృత్తి. జేబులో సుద్దముక్క కూడ ఉండెను.

ఏమియు లేదని చెప్పి డబ్బు ఇచ్చి వచ్చితిమి. ఆదివారము ఆరాధనకు దాని మీదనే వెళ్లుచున్నాము. మనుమడు తన చిన్న సైకిలు మీద ముందు పోయి, చర్చి మలుపు దగ్గర కాలు ఆనించి మా కొరకు నిలిచియుండును.