పొగబండి ఎవరి పనిముట్టు? సికింద్రాబాదు రైలుమార్గం: ఒక నైతిక పరిశీలన

సాంకేతికతను కత్తితో పోల్చడం మన చర్చల్లో పరిపాటి. కూర తరిగేదీ కుత్తుక కోసేదీ ఒకే కత్తి. మంచిచెడ్డలు పట్టిన చేతిలో ఉన్నాయి గాని లోహంలో లేవని ఈ వాదసారాంశం. నిర్వివాదంగా తోచే ఈ మాట సికింద్రాబాదు రైలుమార్గ చరిత్ర ముందు అంత తేలికగా నిలవదు.

వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. వ్యయభారం నిజాం సంస్థానానిది. మార్గం వెళ్ళి ఆగినది మాత్రం ఆంగ్లేయుల దండు విడిసిన ఊరిలో. రాజధానిలోని నాంపల్లి స్టేషను 1907 నాటిది, కాచిగూడ 1916 నాటిది. కత్తి ఎవరి చేతికైనా అందుతుంది. రైలుపట్టా అలా అందదు. ఏ ఊరిని తాకాలో, దేన్ని తప్పించాలో తేలిన తరువాతే మొదటి ప్రయాణికుడు టిక్కెట్టు కొంటాడు. వినియోగంలో అధికభాగం పరికరం రూపంలోనే ముందుగా ఇమిడి ఉంటుందన్నమాట.

1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ మరణించాడు. ఆ ఏడే మార్గాన్ని బెజవాడకూ చాందాకూ పొడిగించే పథకం ముందుకు వచ్చింది. లండన్‌లో ఏర్పడే కంపెనీ మూలధనానికి సంస్థానం వడ్డీ హామీ ఇవ్వాలి. రాబడి చాలకపోతే లోటు పూడ్చవలసింది ఖజానా, అంటే చివరకు రైతు కట్టే శిస్తు. ఈ షరతులను ప్రజల ముందు పెట్టాలని అఘోరనాథ ఛటోపాధ్యాయ (సరోజినీ నాయుడి తండ్రి), ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు కోరారు. మే నెలలో అఘోరనాథుణ్ణి సంస్థానం నుంచి బహిష్కరించారు.

గమనించవలసింది, వారు రైలును వద్దనలేదు. 1909లో ‘హింద్ స్వరాజ్’లో గాంధీ రైళ్ళను తప్పుపట్టినప్పుడు ప్రశ్న యంత్రస్వభావాన్ని గురించినది. చాందా ఆందోళన ప్రశ్న వేరు: నిర్ణయం జరిగేవేళ తెలుసుకొనే హక్కు ఎవరిది? సాంకేతికత తటస్థమనేవారూ, అదే సమాజాన్ని శాసిస్తుందనేవారూ ఈ ప్రశ్నను సమానంగానే విస్మరించారు.

దీనికొక బలమైన ఆక్షేపణ ఉంది. దండు కోసం వేసిన దారిలో యాత్రికులు తిరిగారు, ధాన్యం నడిచింది, లాలాగూడ వర్క్‌షాపు వేలమందికి బతుకుతెరువయింది. నిర్మాతల ఉద్దేశాన్ని సమాజం మార్చుకోగలదనడానికి ఇది సాక్ష్యమే, కాదనలేం. అయితే ‘సమాజం’ అన్న ఏకవచనం ఇక్కడ చాలా విషయాన్ని కప్పిపెడుతుంది. రైలు ఎక్కినవారు దాన్ని తమకు తగినట్టు మలచుకొని ఉండవచ్చు. జీవితంలో ఒక్కసారైనా బండి ఎక్కక, శిస్తు రూపంలో హామీభారం మోసిన రైతు విషయంలో సద్వినియోగ దుర్వినియోగాల చర్చకే చోటు లేదు. అతడు వినియోగదారుడే కాడు.

పథకం ఆగలేదు. 1889కి మార్గం బెజవాడ చేరింది. 1930లో కంపెనీ నుంచి రైల్వేను నిజాం ప్రభుత్వమే కొనుక్కొంది. బయటపెట్టమని అడిగిన షరతులకు అప్పటికి నలభై ఏడేళ్ళు.