దళితుల హక్కు - జైనుల మనస్సాక్షి

భివండిలో సాంచాల చప్పుడు నడుమ నూలు, బట్టల బేరము చేయు మనకు కులసమస్య ఎక్కడో పల్లెటూళ్ళ మాటగా తోచును. కాని పురపాలక ఎన్నికలు వచ్చి ఒక వార్డు షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినంతనే దుకాణములలో గొణుగుడు మొదలగును: "యోగ్యత చూడక పుట్టుకను చూచి స్థానమిచ్చుట న్యాయమా?" నేనును ఈ ప్రశ్న వేసినవాడనే.

పుట్టుకను మొదట చూచినదెవరు? కొంకణములోని మహాడు పట్టణమున చవదారు చెరువును అందరికి తెరచుచు పురపాలక సంఘము 1924లోనే తీర్మానించెను. 1927 మార్చి 20న డాక్టరు అంబేడ్కరు అనుచరులతో వెళ్ళి ఆ నీరు త్రాగగా, అనుచరులకు దెబ్బలు తగిలెను. తీర్మానించు చోట తమవారు లేనిదే తీర్మానము కాగితము దాటదని వారికి తెలియనిది కాదు. 1932లో ఆంగ్ల ప్రభుత్వము వారికి ప్రత్యేక నియోజకవర్గములిచ్చెను. గాంధీజీ యెరవాడ జైలులో ఉపవాసము పూనెను. సెప్టెంబరు 24నాటి పూనా ఒడంబడికతో ఆ యేర్పాటు పోయి, రాష్ట్రముల శాసనసభలలో 148 స్థానములు ఉమ్మడి ఓటుతో వచ్చినవి. అనగా దళితుల ప్రతినిధి యెవరన్నది ఇతరుల ఓట్లును కలిసి తేల్చును. మన వార్డులోనైనను అంతే. వారు వదలుకొన్నదెంత, పొందినదెంత అని వ్యాపారులమైన మనము లెక్క చూడవలదా?

ఇక మన యింటి సంగతి. 1947నాటి బొంబాయి హరిజన దేవాలయ ప్రవేశ చట్టము జైనమందిరములకు వర్తింపరాదని ఆచార్య శాంతిసాగర మహారాజు 1948 నుండి ధాన్యాహారము విడిచిరి. షోలాపూరు జిల్లా అక్లూజు వ్యాజ్యములో 1951లో హైకోర్టు, జైనమందిరములో ఇతర హిందువులకే లేని హక్కు ఆ చట్టమువలన హరిజనులకు రాదనెను. మహారాజు దీక్ష ముగించిరి. ఆయన తపస్సును తూచుటకు నేనెవడను? పిమ్మట 1955నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఈ విషయమున జైనులను హిందువులతో చేర్చినది. చట్టము మాట యట్లుండనిండు. ఆ హక్కు లేని సవర్ణ మిత్రుడు మందిరమునకు వచ్చిన, కులమడుగక లోనికి పిలుచుకొందుము. మరియొకడు వచ్చిన మాత్రము తీర్పు జ్ఞప్తికి వచ్చును! ఉత్తరాధ్యయన సూత్రములోని హరికేశబలముని చండాల కులమున పుట్టినవాడే కదా; యజ్ఞవాటికలో ఆయనను కొట్టినవారిని మనము ప్రవచనములలో నిందింతుము.

2014 జనవరిలో కేంద్రప్రభుత్వము జైనులను అల్పసంఖ్యాకులుగా గుర్తించినప్పుడు మా వీధిలో మిఠాయి పంచితిమి. ఆనాడు యోగ్యత ప్రశ్న ఎవ్వరును ఎత్తలేదు.

మా దుకాణమున నూలు బేళ్ళు మోయు హమాలీ, కరీంనగరము వైపు దళితుడు, నీరు త్రాగుటకు ఒక గ్లాసు వేరుగా నుండెడిది. ఎవరు పెట్టిరో తెలియదు. నా తండ్రి కావచ్చును. నిరుడు దానిని తీసివేసి, మేము త్రాగు గ్లాసుతోనే నీరిచ్చితిని. అతడు గ్లాసు అందుకొనక, అలవాటు చొప్పున దోసిలి పట్టి నిలిచెను.