కదిలే ద్రష్టకు కదలిక తెలుస్తుందా?

నడిచే ఓడ నుంచి సముద్రపు అలలను కొలిచేటప్పుడు కొలిచే సాధనమూ, దాని కింది నీరూ రెండూ కదులుతూనే ఉంటాయి. అందుకే ఈ కొలత ఒక తాత్త్విక ప్రశ్నను ముందుకు తెస్తుంది: కదలికను ఉన్నదున్నట్టు తెలుసుకోవాలంటే ఎక్కడో ఒక కదలని ఆధారం ఉండి తీరాలా?

లోతైన సముద్రంలో 10 సెకన్లకొకటి వచ్చే అల పొడవు సుమారు 156 మీటర్లు. అది సెకనుకు 15.6 మీటర్ల వేగంతో సాగుతుంది. 15 నాట్ల వేగంతో ఎదురెళ్లే ఓడకు ఆ అలలు 7 సెకన్లలోపే ఒకటి చొప్పున తగులుతాయి. అదే ఓడ అలలు పోయే దిశలో సాగితే దాదాపు 20 సెకన్లకొకటి దాన్ని దాటిపోతుంది. వీటిలో ఏదీ భ్రమ కాదు, ఓడ పొందే ఊపు నిజమైనదే. అయితే ఆ ఊపులో అల ఎంత ఉందో, ఓడ నడక ఎంత ఉందో విడదీయాలి.

ఈ చిక్కును పూర్వులు గుర్తించారు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున నిలిచినవి వెనక్కి పోతున్నట్టు కనబడే అనుభవంతో ఆర్యభటుడు భూభ్రమణాన్ని వివరించాడు. కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగే ఓడలో, మూసిన గదిలో ఉన్నవాడు ఏ పరీక్ష చేసినా ఓడ కదులుతోందో లేదో తేల్చలేడని గెలీలియో 1632లో చూపాడు. లోపలి సాక్ష్యం ఒక్కటే చాలదు.

బయటి సాక్ష్యాన్ని ఉపగ్రహాలు ఇస్తాయి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి రేడియో సంకేతాలు పంపుతాయి. ఓడ మీది యాంటెన్నా అలతో పాటు లేచి పడుతుంటే, అందే సంకేతపు పౌనఃపున్యం స్వల్పంగా మారుతుంది. ఇదే డాప్లర్ ప్రభావం. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను కలిపి లెక్కిస్తే యాంటెన్నా వేగం మూడు దిశల్లోనూ తెలుస్తుంది. నిలువు వేగం అల ఎత్తును పట్టిస్తుంది, పక్కల ఊగిసలాట అల వచ్చే దిక్కును సూచిస్తుంది, ఓడ నడకను బట్టి అలల అసలు వ్యవధి తేలుతుంది.

ఆ ఉపగ్రహాలూ నిలకడగా లేవు. సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నాయి. సాపేక్షత వల్ల వాటి గడియారాలు రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి కనుక వాటినీ సరిచేయాలి. భూమి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ వరుసలో కదలని బిందువు ఒక్కటీ లేదు, అయినా కొలత నమ్మదగినదే. ప్రతి కదలికకూ లెక్క ఉండటమే అందుకు కారణం.

మార్పును తెలుసుకునే సాక్షి తాను మారకూడదంటుంది అద్వైతం. చైతన్యం విషయంలో అది బలమైన వాదమే, మారే అనుభవాలన్నింటినీ ఒక్కరివిగా నిలిపేది ఏదో ఉండాలి కదా. ప్రపంచాన్ని కొలవడానికి మాత్రం అంతటి నిశ్చలత్వం అక్కర్లేదని ఈ పద్ధతి తేటగా చూపుతుంది. ఇక్కడ ద్రష్టకు హద్దు గీసేది దాని కదలిక కాదు, దాని స్పందన. 200 మీటర్ల ఓడ 20 మీటర్ల పొడవున్న అలకు దాదాపు ఊగదు. ఊగనిదాన్ని ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. అలాంటి పొట్టి అలలను కొలవడానికి వాటితో పాటు లేచి పడే చిన్న బోయాలను నీటిలో వదలాలి.