మూడో రోజు పరామర్శ

పఠనం: ఆదికాండము 17:23–18:8

అబ్రాహాముకు 99 ఏళ్లు, ఇష్మాయేలుకు 13. తండ్రీకొడుకులిద్దరికీ ఒకే రోజు సున్నతి. మరుసటేడు పుట్టిన ఇస్సాకుకు ఎనిమిదో రోజునే. వయసులు ఇంత లెక్కగా చెప్పిన గ్రంథం ఎవరికెంత నొప్పి పుట్టిందో చెప్పలేదు.

ఆపరేషన్ తర్వాతి నొప్పి సాధారణంగా పడుచువాళ్లకే ఎక్కువ. మార్ఫిన్ కూడా వాళ్లకే ఎక్కువ పడుతుంది. పెద్దవాళ్లకు తక్కువ మోతాదు చాలు, పుండు మానడానికే ఎక్కువ రోజులు కావాలి. అయితే మందు తక్కువ చాలంటే నొప్పే లేదనుకోవడం మనకు అలవాటు. పసివాళ్ల విషయంలో వైద్యులే అలా అనుకున్నారు. 1980ల దాకా నవజాత శిశువులకు చాలాచోట్ల నామమాత్రపు మత్తుతోనే కోతలు కోశారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో నెలలు నిండని పిల్లల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. మత్తుతో పాటు ఫెంటానిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన పిల్లలు ఆపరేషన్‌ను బాగా తట్టుకున్నారని తేలింది.

పసివాడు చెప్పలేడు, పెద్దాయన చెప్పడు. తుంటి ఆపరేషన్ అయిన తాతగారిని నర్సు అడిగితే "ఫర్వాలేదమ్మా" అంటారు. దగ్గు వస్తే దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని ఆపుకుంటారు. కఫం లోపలే పేరుకుంటుంది. రాత్రికి ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. వయసు కదా, మతి తప్పిందని మనం సర్దుకుంటాం. ఓర్చుకున్న నొప్పి కూడా అలా మాట్లాడించగలదు.

మమ్రే దగ్గర అబ్రాహాముకు దేవుడు కనబడింది సున్నతి అయిన మూడో రోజున అనీ, రోగిని పరామర్శించడానికే వచ్చాడనీ యూదుల తాల్ముదులో ఒక మాట ఉంది. బైబిలు అలా చెప్పదు కానీ నాకు నచ్చుతుంది. అబ్రాహాము ఏం చేశాడు? ఎండవేళ గుడారం ముందు కూర్చున్నవాడు ముగ్గురు మనుషుల్ని చూడగానే లేచి పరుగెత్తాడు. రొట్టెలు చేయమన్నాడు, దూడను వండించాడు. మన తాతలూ అంతేగా! చుట్టాలొస్తే మంచం మీద లేచి కూర్చుని, "వీళ్లకు కాఫీ ఇవ్వండే" అంటారు. వచ్చినవాళ్లు మనిషి బాగానే ఉన్నాడనుకుని వెళ్లిపోతారు.

ప్రార్థన: ప్రభువా, ఈరోజు ఆస్పత్రి మంచం పక్కన కూర్చునే మాకు, "బాగున్నారా" అని లేచిపోకుండా, "దగ్గితే ఎక్కడ లాగుతోంది? రాత్రి పక్కకు తిరగగలిగారా?" అని అడిగే ఓపిక ఇవ్వు. ఆమేన్.